నీ అప్లికేషన్ నువ్వే రాసుకో, చెల్లీ

ఏం చెల్లెమ్మలూ, ఫైనలియర్ మొదలైందా? ఒక పక్క ప్లేస్‌మెంట్ల హడావుడి, ఇంకో పక్క “ఎంఎస్‌కి వెళ్తావా, సంబంధాలు చూడమంటావా” అని ఇంట్లో మాటలు. మధ్యలో నలిగిపోతున్న మీ మనసు నాకు తెలుసు. ఈమధ్య మీ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల్లో అమెరికా చదువు గురించిన ప్రశ్నలే ఎక్కువ. వాటిలో మళ్లీ ఎక్కువమంది అడిగేది ఒకటే: “అక్కా, ఏ కన్సల్టెన్సీ మంచిది?”

దానికి జవాబు చెప్పేముందు ఒక మాట. “ఫలానా కన్సల్టెన్సీలో చేరితే చాలట, అన్నీ వాళ్లే చూసుకుంటారట” అని పక్కింటి ఆంటీ చెప్తుంది, మేనమామ చెప్తాడు, ఫ్రెండ్ వాళ్ల అన్నయ్యా చెప్తాడు. నాకు భయం వేసేది ఆ “అన్నీ వాళ్లే” అన్న మాటకే. యూనివర్సిటీని వాళ్లే ఎంచి, ఎస్‌వోపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, వాళ్లే రాసి, రికమండేషన్ లెటర్లు వాళ్లే అప్‌లోడ్ చేసి, వీసా ఫారం కూడా వాళ్లే నింపేస్తే, అందులో నీదంటూ ఏముంటుంది తల్లీ? చివర్న పెట్టే సంతకం ఒక్కటే. తేడా వస్తే అడిగేది మాత్రం ఆ సంతకం పెట్టినదాన్నే. అందుకే ఈసారి ముచ్చట్లన్నీ దీని గురించే. సలహా ఎవరినైనా అడుగు, అప్లికేషన్ మాత్రం నీ చేత్తో నువ్వే రాసుకో.

అదేమంత గొప్ప విద్య కాదు, ఓపిక ఉంటే చాలు. 2023-24లో 3,31,602 మంది మన దేశపు విద్యార్థులు అమెరికాలో చదివారు. ఆ ఏడాదే చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానానికి వచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో మన వీధిలో ఇళ్లు లెక్కపెడితేనే అర్థమైపోతుంది. ఇంతమంది నడిచిన దారిలో తెలియని రహస్యాలేమీ ఉండవు. కావలసిన సమాచారమంతా యూనివర్సిటీల సైట్లలోనే ఉంటుంది. ముఖాముఖి అడిగి తెలుసుకోవాలనుకుంటే, అమెరికా ప్రభుత్వమే ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ పేరుతో సలహా కేంద్రాలు నడుపుతోంది. హైదరాబాద్‌లోనూ ఉంది. అక్కడ ఏ యూనివర్సిటీ కమీషనూ లేకుండా ఉన్నదున్నట్టు చెప్తారు.

ముందు కాలం లెక్క చూసుకుందాం. అమెరికాలో ప్రధానమైన చేరిక ఫాల్, అంటే ఆగస్టు. ఆ ఆగస్టులో చేరాలంటే అప్లికేషన్లు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే తెరుచుకుంటాయి. పేరున్న చాలా యూనివర్సిటీల గడువు డిసెంబరు నుంచి జనవరి మధ్యలో ముగుస్తుంది. స్కాలర్‌షిప్పులకు, అసిస్టెంట్‌షిప్పులకు గడువు ఇంకా ముందే ఉండొచ్చు. కాబట్టి మూడో సంవత్సరం పరీక్షలయ్యాక వచ్చే వేసవిలోనే పని మొదలుపెట్టాలి. జీఆర్‌ఈ కావాలా వద్దా అన్నది డిపార్ట్‌మెంటును బట్టి ఉంటుంది. ఒకే యూనివర్సిటీలో ఒక కోర్సు వాళ్లు అడుగుతారు, పక్క కోర్సు వాళ్లు అడగరు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష చిన్నదైంది, రెండు గంటల్లోపే అయిపోతుంది. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు. కాబట్టి ఆ నాలుగు పేర్లు ముందే అనుకుని వెళ్లు.

“మరి ఏ యూనివర్సిటీకి పెట్టాలక్కా?” అంటావు. మన ఇళ్లలో పెళ్లి సంబంధం వస్తే ఎంత వాకబు చేస్తారు! అబ్బాయి ఉద్యోగం నిజమేనా, ఇల్లు సొంతమేనా అని ఇద్దరు ముగ్గురి చేత ఆరా తీయిస్తారు. ముప్పై, నలభై లక్షలు పోసి వెళ్లే చోటుకి కూడా ఆ మాత్రం వాకబు ఉండాలి కదమ్మా. ర్యాంకు ఒక్కటీ చూసి ఆగిపోకు. నువ్వు చదవాలనుకున్న సబ్జెక్టు చెప్పే ప్రొఫెసర్లు ఎవరు, ఈ సెమిస్టర్‌లో ఏ క్లాసులు నడుస్తున్నాయి, ఆ ఊళ్లో గది అద్దె ఎంత, బస్సులు ఉన్నాయా, చలి ఎంత ఉంటుంది అన్నవీ చూడు. ఇప్పుడు అక్కడ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడు. లింక్డ్‌ఇన్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెడితే మన పిల్లలు జవాబిస్తారు.

వాకబు చేయకపోతే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో వీసాల మోసం నడుపుతున్న ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అందులో చేరిన వాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలోనూ చాలామంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ కడియాలు తగిలించారు. ఆ ఫొటోలు పత్రికల్లో చూసి ఎన్ని ఇళ్లలో అన్నం ముట్టలేదో! దాన్ని నడిపిన ఆవిడకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అది అక్కడితో ఆగలేదు. 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, వలస చట్టాలు తప్పించుకునే వాళ్లని పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన బోర్డు. మొదట అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది మన దేశపు పిల్లలే. దళారులుగా పట్టుబడినవాళ్లలోనూ మనవాళ్లున్నారు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. ఈ రెండింటి పేర్లూ అప్పట్లో విదేశీ విద్యార్థులను చేర్చుకోగల విద్యాసంస్థల జాబితాలో ఉన్నవే. అంటే జాబితాలో పేరు చూసుకోవడం అవసరమే కానీ అదొక్కటే సరిపోదు. క్లాసులు జరుగుతున్నాయా? పాఠం చెప్పే మనిషి ఉన్నారా? “చేరిన మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు, క్లాసుకి రానక్కర్లేదు” అని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఎంత దగ్గర చుట్టమైనా సరే, ఆ మాట అక్కడితో వదిలేసి వచ్చెయ్.

ఇప్పుడు కాగితాల సంగతి. అందరూ ఎస్‌వోపీ గురించి భయపడతారు గానీ మన అమ్మాయిలకు మొదట చిక్కు తెచ్చేది పేరు. టెన్త్ మెమోలో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది, ఇంటర్‌లో పొడి అక్షరంగా మారుతుంది, ఇంజనీరింగ్‌లో ఆ అక్షరం పేరు చివరికి వెళ్తుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్ట్ తీసుకునేటప్పుడు ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేసి, అంతా కలిపి ఒకే గడిలో రాసేస్తారు కొందరు. అలా చేస్తే అమెరికా వీసా మీద నీ పేరంతా ఇంటి పేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడ బ్యాంకు ఖాతాలోనూ, డ్రైవింగ్ లైసెన్సులోనూ, యూనివర్సిటీ ఐడీ కార్డు మీదా ఆ మూడక్షరాలే వెంటపడతాయి. కాబట్టి ఇప్పుడే పాస్‌పోర్ట్ తీసి చూసుకో. ఇంటి పేరు దాని గడిలో, నీ పేరు నీ గడిలో ఉండాలి. టెన్త్ మెమోలో అక్షరాలు ఎలా ఉన్నాయో పాస్‌పోర్ట్‌లోనూ అలాగే ఉండాలి. సరిచేసుకోవాల్సింది ఉంటే అప్లికేషన్లు మొదలుపెట్టక ముందే చేయించుకో. జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ అన్నింటికీ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే నమోదు చేసుకో.

తర్వాత మార్కులు. ట్రాన్స్‌క్రిప్టులు కాలేజీ లేదా యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి రావాలి. అడిగిన రోజే చేతికి రావు, పండగ సెలవులు అడ్డొస్తే ఇంకా ఆలస్యం. రెండు నెలలు ముందే అప్లై చేసుకో. కొన్ని యూనివర్సిటీలు స్కాన్ చేసిన కాపీతో సరిపెట్టుకుంటాయి, కొన్ని సీల్ వేసిన కవర్ కావాలంటాయి, ఇంకొన్ని డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ చేత మదింపు చేయించమంటాయి. పదికి ఎనిమిదిన్నర వస్తే దాన్ని నాలుగుకి మార్చి రాయాలా అని అడుగుతుంటారు. చాలా యూనివర్సిటీలు మార్చొద్దనే చెప్తాయి. మీ మెమోలో ఏ స్కేలు ఉంటే అదే రాయమంటాయి. బ్యాక్‌లాగులు ఉంటే దాచకు. ట్రాన్స్‌క్రిప్టులో ఎలాగూ కనిపిస్తాయి. ఆ సెమిస్టర్‌లో ఆరోగ్యం బాగోలేదా, ఇంట్లో కష్టం వచ్చిందా? ఒకటి రెండు వాక్యాల్లో నిజం చెప్పి, తర్వాత ఎలా పుంజుకున్నావో రాయి. చదివేవాళ్లు మనుషులే, అర్థం చేసుకుంటారు. వాళ్లు క్షమించనిది అబద్ధాన్ని.

ఇక ఎస్‌వోపీ. నేను నీ వయసులో ఉన్నప్పటికంటే ఇప్పుడు ఇది ఇంకా కష్టమైంది. కన్సల్టెన్సీ వాళ్ల పాత ఫైల్ తీసి పేరు మార్చి ఇచ్చేవాళ్లు ఒకరైతే, కంప్యూటర్ చేత రాయించి పంపేవాళ్లు ఇంకొకరు. అవన్నీ ఒకే తీరుగా మొదలవుతాయి: “చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి.” అడ్మిషన్ కమిటీలో కూర్చునే ప్రొఫెసర్ ముందు ఇలాంటివి వందల్లో ఉంటాయి. ఆయనకు నీ ముఖం ఎలా కనపడుతుంది చెప్పు?

గుంటూరు జిల్లా అమ్మాయి ఒకతి నాకు తన ఎస్‌వోపీ చూపించింది. అది కూడా సరిగ్గా అదే వాక్యంతో మొదలైంది. “అది పక్కన పెట్టు, నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు” అన్నాను. మిరప ఆకుల ఫొటోలు చూసి తెగులు చెప్పే ప్రోగ్రామ్ చేశానంది. “ఎందుకు మిరపే?” అంటే, 2021లో నల్ల తామర పురుగు వచ్చి వాళ్ల నాన్న చేలో పూతంతా రాలిపోయిందని చెప్పింది. అప్పుడామె గొంతే మారిపోయింది. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలతో ప్రోగ్రామ్‌కి నేర్పిస్తే బాగానే పనిచేసిందట. వాటిలో ఒక్కో ఆకునీ శుభ్రంగా ఒక కాగితం మీద పెట్టి తీసి ఉంటారు. అదే ప్రోగ్రామ్‌ని చేలోకి తీసుకెళ్తే తడబడింది. ఆకు మీద ఆకు, ఎండ, నీడ, దుమ్ము. పై ముడతకీ కింది ముడతకీ తేడా కనిపెట్టలేకపోయింది. పై ముడత తామర పురుగు వల్ల వస్తుంది, కింది ముడత నల్లి వల్ల. రెండింటికీ మందులు వేరు. ప్రోగ్రామ్ ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్తే రైతు మందు డబ్బులు పోతాయి, పురుగు మాత్రం పోదు.

“ఇదే రాయి” అన్నాను. అదే రాసింది. చేలో ఫొటోలు తీసినప్పుడు ఎక్కడ తప్పిందో, ఏం మార్చి చూసిందో, ఎంతవరకు కుదిరిందో, కుదరనిది నేర్చుకోవడానికి ఏ క్లాసులు కావాలో, ఆ యూనివర్సిటీలో ఆ పని చేస్తున్న ప్రొఫెసర్ ఎవరో, అన్నీ వరసగా రాసుకుంది. ఆ అమ్మాయి ఇంగ్లిష్ గొప్పదేం కాదు. వాక్యాలు పొట్టివి, మాటలు తేలికవి. కానీ అలాంటి ఎస్‌వోపీ ఆమె తప్ప ప్రపంచంలో ఇంకెవరూ రాయలేరు. ఇప్పుడామె తను కోరుకున్న ప్రొఫెసర్ దగ్గరే చదువుతోంది.

మన దేశపు ఆడపిల్ల అమెరికా కాలేజీకి ఇలాంటి ఉత్తరం రాసి నూట నలభై ఏళ్లు దాటింది. 1883లో పద్దెనిమిదేళ్ల ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలకు తనను చేర్చుకోమని రాసుకుంది. మహారాష్ట్ర పిల్ల, తొమ్మిదేళ్లకే పెళ్లయింది, పుట్టిన బిడ్డ పట్టుమని పదిహేను రోజులైనా బతకలేదు. ఆ ఉత్తరంలో ఆమె ఏమీ దాచలేదు. మీరడిగే చదువు నా దగ్గర పూర్తిగా లేకపోవచ్చని ఒప్పుకుంది. తను చదివిన లెక్కలు, చరిత్ర, తనకొచ్చిన భాషలు ఏమిటో చెప్పింది. మగ డాక్టరు ముందు తమ బాధ చెప్పుకోలేక ప్రాణాలు పోగొట్టుకునే తన దేశపు ఆడవాళ్లకు వైద్యం చేయడానికే వచ్చానని రాసింది. కాలేజీ చేర్చుకుంది. 1886లో డాక్టరై బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడే క్షయతో ఆమె చనిపోయినా ఆ ఉత్తరం మాత్రం ఇవాళ్టికీ భద్రంగా ఉంది. నాకున్నది ఇది, లేనిది ఇది, వచ్చింది ఇందుకు. ఎస్‌వోపీ అంటే ఇంతేనమ్మా. అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

రికమండేషన్ లెటర్ల దగ్గర మన కాలేజీల పద్ధతి మీకు తెలిసిందే. సార్ దగ్గరికి వెళ్తే “నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా” అంటారు. ఆయనకు తీరిక లేకపోవడం నిజమే. అందుకని నువ్వే ఆయన పని తేలిక చెయ్యి. ఆయన క్లాసులో నీకొచ్చిన గ్రేడు, చేసిన ప్రాజెక్టు, ల్యాబ్‌లో ఆయన చూసిన సందర్భం ఒకటి, అప్లై చేస్తున్న చోట్ల గడువులు, ఇవన్నీ ఒక పేజీలో రాసివ్వు. “సార్, ఇందులోంచి మీకు గుర్తున్నవి మీ మాటల్లో రాయండి” అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. లెటర్ అప్‌లోడ్ చేసే లింకు ఆయన మెయిల్‌కే వెళ్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ అయితే మంచిది. అక్కడే ఇంకో ప్రశ్న ఉంటుంది, ఈ లెటర్‌ని తర్వాత చూసే హక్కు వదులుకుంటావా అని. వదులుకుంటానని పెడితే యూనివర్సిటీకి ఆ లెటర్ మీద నమ్మకం పెరుగుతుంది. కొందరు ఏజెంట్లు సార్ పేరుతో దొంగ మెయిల్ ఐడీ తెరిచి లెటర్లు వాళ్లే పంపేస్తారు. అది బయటపడితే సీటు పోతుంది, చేరాక బయటపడితే చదువే పోతుంది. ఆ మాట ఎత్తినవాళ్ల గడప మళ్లీ తొక్కకు.

డబ్బు సంగతి అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోవాలి. నువ్వూ కూర్చో, “పెద్దవాళ్లు చూసుకుంటార్లే” అని లేచిపోకు. 2015లో డాలరు 65 రూపాయల దగ్గర ఉండేది, 2024 డిసెంబరులో 85 దాటింది. రెండేళ్ల ఫీజులో సగం రెండో ఏడాది కట్టాలి కాబట్టి ఇవాళ్టి రేటుతో వేసిన లెక్క అప్పటికి చాలదు. బ్యాంకుల్లో సాధారణంగా ఏడున్నర లక్షల వరకు తనఖా లేకుండా విద్యారుణం ఇస్తారు. అంతకు మించితే ఇల్లో, స్థలమో పెట్టమంటారు. తనఖా లేకుండా పెద్ద మొత్తాలిచ్చే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి, వాటిలో వడ్డీ ఎక్కువ. నువ్వు సెటిలయ్యాక కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను పాత పద్ధతిలో మినహాయింపు ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది. ఊళ్లో ఉన్న ఏకైక ఇల్లు తనఖా పెట్టాల్సి వస్తే ఒక రాత్రి ఆగి ఆలోచించండి. అసిస్టెంట్‌షిప్ వస్తుందనో, పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేస్తాననో లెక్కలు వేయకండి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట పెట్రోల్ బంకులోనో, హోటల్లోనో చేస్తే వీసాకే ముప్పు. ఆ డబ్బు ఖర్చుల్లో కాస్త ఆసరా తప్ప ఫీజుకి దారి కాదు.

ఉచితంగా వచ్చే సాయాన్ని మాత్రం వెతుక్కో. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది, అందులో 30 శాతం అమ్మాయిలకే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 20 లక్షల వరకు సాయం ఉంది. బీసీలకు, మైనారిటీలకు వేరే పథకాలున్నాయి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకో. ఉద్యోగం చేస్తున్నవాళ్లు మూడేళ్ల అనుభవం వచ్చాక ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కి పెట్టుకోవచ్చు. సాయం అడగడంలో చిన్నతనం లేదు తల్లీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల్లో హార్వర్డ్ చదువుకి బయల్దేరినప్పుడు మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా ఉంటానంది. ఆ చదువు తర్వాత ఎన్ని ప్రాణాలు నిలబెట్టే మందులకు దారితీసిందో ప్రపంచానికి తెలుసు.

ఒక అసిస్టెంట్‌షిప్ వచ్చిందనుకో, వెంటనే జవాబు చెప్పమని వాళ్లు తొందరపెడితే కంగారుపడకు. ఆర్థిక సాయంతో వచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా గడువివ్వాలని చాలా అమెరికా యూనివర్సిటీలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ జాబితాలో నీ యూనివర్సిటీ పేరుందో లేదో చూసుకో. మిగతా జవాబులు వచ్చేదాకా ఆగే హక్కు నీకుంది.

సీటొచ్చాక మొదటి ఏడాది ఖర్చుకి డబ్బుందని కాగితాలు చూపిస్తే యూనివర్సిటీ వీసాకి కావలసిన ఐ-20 పత్రం పంపుతుంది. నాలుగు రోజులు ఖాతాలో డబ్బు వేసి బ్యాలెన్స్ చూపించి తీసేసే “ఫండ్స్” వాళ్ల జోలికి పోవద్దు. లేని డబ్బు ఉందని చూపిస్తే చదువు మధ్యలో ఫీజు కట్టే రోజున అది ఎక్కడి నుంచి వస్తుంది? ఐ-20 వచ్చాక విదేశీ విద్యార్థుల నమోదుకు సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, డీఎస్-160 అనే వీసా ఫారం నింపి, వీసా ఫీజు కట్టి, ఇంటర్వ్యూకి స్లాట్ తీసుకోవాలి. ఆ డీఎస్-160 చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ ఫారం నింపడంలో నీకు ఎవరైనా సాయం చేశారా అని. దాని కిందే, ఇందులో రాసినవన్నీ నిజమని నువ్వు సంతకం చేస్తావు. అందుకే ఆ ఫారం నువ్వే కూర్చుని నింపు. ప్రతి గడీ చదువు. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అందులో అడుగుతారు. 2025 వేసవిలో కొన్ని వారాలు విద్యార్థి వీసాల అపాయింట్‌మెంట్లు ఆపేసి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ ఖాతాలను అందరికీ కనపడేలా పెట్టుకోమన్నారు. నియమాలు ఇలా మారుతూనే ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేది నమ్మకుండా కాన్సులేట్ సైట్‌లో చూసుకో.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కొత్త కాన్సులేట్ 2023లో తెరిచారు. వీసా ఇంటర్వ్యూకి అక్కడ కిటికీ ముందు నిలబడే సమయం రెండు మూడు నిమిషాలే. ఈ యూనివర్సిటీ ఎందుకు, ఏం చదువుతావు, డబ్బు ఎవరిస్తున్నారు, తిరిగొచ్చి ఏం చేస్తావు అని అడుగుతారు. బట్టీ పట్టిన జవాబులు కన్సల్టెన్సీల్లో చెప్పిస్తారు. ఒకే జవాబుని ఒకే పొద్దున పదిమంది నోట విన్న ఆఫీసరు ఏమనుకుంటాడు? యూనివర్సిటీని నువ్వే వెతుక్కుని, ఎస్‌వోపీ నువ్వే రాసుకుని, లోన్ కాగితాలు నాన్నతో కలిసి నువ్వే చదివి ఉంటే, ఆ కిటికీ దగ్గర కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. నిదానంగా మాట్లాడు. ఇంగ్లిష్‌లో ఒక మాట తడబడినా ఫర్వాలేదు, విషయం తడబడకూడదు. అయినా, తిరిగొస్తావన్న నమ్మకం కలగలేదంటూ వీసా చట్టంలోని 214-బి కింద తిరస్కరించారంటే అది నీ చదువు మీద తీర్పు కాదు. జీవితకాలపు నిషేధమూ కాదు. పరిస్థితి మారాక మళ్లీ అప్లై చేసుకోవచ్చు.

“ఎక్కడా రాకపోతే ఎలా అక్కా?” అని కూడా రాశారు. రిజెక్ట్ మెయిళ్లు వస్తాయి, అందరికీ వస్తాయి. పేరున్న చోట్లు కొన్ని, నీ మార్కులకు తగినవి కొన్ని, తప్పకుండా వస్తాయనిపించేవి ఒకటి రెండు, ఇలా కలిపి పెట్టుకో. ఒక్కో అప్లికేషన్‌కి సాధారణంగా 75 నుంచి 125 డాలర్లు ఫీజు ఉంటుంది కాబట్టి ఇరవై చోట్లకు పెట్టడం దండగ. ఆరేడు చోట్లకు శ్రద్ధగా పెట్టినా చాలు. ఫీజు మినహాయింపు ఇస్తారేమో డిపార్ట్‌మెంటుకి ఒక మెయిల్ రాసి అడుగు. ఏ ఏడాదికా ఏడాది పరిస్థితులు మారుతున్నాయి కూడా. చదువు అయ్యాక అక్కడ పని చేసుకోవడానికిచ్చే ఓపీటీ అనుమతి ఏడాది, సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకు ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత కావలసిన ఉద్యోగ వీసా హెచ్-1బీ మన చేతిలో లేదు. కాబట్టి ఆ చదువు చదువుగా నీకు కావాలా అని ముందే నిన్ను నువ్వే అడుగు. కావాలనిపిస్తే వెళ్లు. పెళ్లి సంబంధాలకు బాగుంటుందనో, ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారనో అయితే వద్దు. ఒక ఏడాది ఉద్యోగం చేసి, ఏం చదవాలో తేలాక వెళ్లినా ఏమీ ఆలస్యమైపోదు. ఐఐటీల్లో, ఐఐఎస్సీలో ఎంటెక్ కూడా చదువే.

తల్లులకు ఒక మాట. మీ అమ్మాయి రాత్రి పన్నెండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని యూనివర్సిటీ పేజీలు చదువుతుంటే “ఎందుకే అంత కష్టం, డబ్బు కట్టేస్తే వాళ్లే చేస్తారుగా” అనకండి. ఇవాళ తన అప్లికేషన్ తను నింపుకున్న పిల్ల రేపు ఆ దేశంలో అద్దె ఒప్పందం తనే చదువుకుంటుంది, ఇన్సూరెన్స్ తనే చూసుకుంటుంది, ఎవరైనా మోసం చేయబోతే కనిపెడుతుంది. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉండే ఆడపిల్లకు ఇంతకంటే రక్షణ మీరివ్వగలిగింది ఇంకేం లేదు.

ఇక కన్సల్టెన్సీ అసలొద్దా అంటే, వద్దని అనను. నిజాయితీగా సలహా చెప్పేవాళ్లూ ఉన్నారు. వెళ్లు, అడుగు, విను. కానీ ఇంటికొచ్చి నువ్వే వెతికి సరిచూసుకో. నీ లాగిన్, నీ పాస్‌వర్డ్, నీ మెయిల్ నీ దగ్గరే ఉండాలి. నువ్వు చదవని ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఎస్‌వోపీలో నీది కాని ఒక్క వాక్యం కూడా ఉండనివ్వకు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. తెల్లకాగితం తీసుకుని, నువ్వు చేసిన ప్రాజెక్టులో ఎక్కడ ఆగిపోయావో తెలుగులోనే రాసిపెట్టు. ఎస్‌వోపీకి అదే మొదటి పేరా. రాశాక నాకు పంపు, చదివి జవాబు రాస్తాను.